తోలు ఒరలో బెల్టు కన్నం: ఏ పనిముట్టుతో కోయాలి?

కర్మాగారాలలో పనిచేసే వారికి కన్నం కొత్త విషయం కాదు. ఫ్లాంజిలో బోల్టు కన్నం, బాయిలరు పలకలో ట్యూబు కన్నం, కేబుల్ ట్రేలో పొడుగు కన్నం. ఇవన్నీ ప్రతిదినం మన కళ్ల ముందు తయారవుతూనే ఉంటాయి. ప్రతి దానికీ ఒక డ్రాయింగు, ఒక కొలత, ఎంతవరకు హెచ్చుతగ్గులు ఉండవచ్చునో తెలిపే పరిమితి ఉంటాయి. కాని భద్రతా సిబ్బంది నడుమున ధరించే తోలు ఒరలో, బెల్టు దూర్చడానికి కోసే రెండు పొడుగు కన్నాలకు సాధారణంగా ఏ డ్రాయింగూ ఉండదు. చేతికి అందిన కత్తితో కోసి, బెల్టు దూరితే చాలుననుకుంటారు. ఆ ఒరలో ఉండేది గుండ్లు నింపిన పిస్తోలు. దాని బరువంతా మోసేది ఆ రెండు కన్నాల అంచులే.

చేతితో చేసే తోలు ఒరలో ఈ కన్నాలను కోయడానికి ఏ పనిముట్టు తగినది, ఎందుకు తగినది అన్న విషయాన్ని పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. విషయం చిన్నదే. కాని దానిలో మన వృత్తికి సంబంధించిన పెద్ద సూత్రమొకటి ఇమిడి ఉంది. ఇంట్లో తోలు సంచి, పిల్లల బడిసంచి పట్టీ, చెప్పుల వారు ఉన్న ప్రతి కుటుంబానికీ అది ఉపయోగపడుతుంది.

ప్రశ్న మా ముందుకు వచ్చిన విధం

2022 వర్షాకాలంలో ఒక రాత్రి ప్రహరీ వెంబడి గస్తీ తిరుగుతున్న కాపలాదారు ఒకరు అలికిడి విని కాలువ గట్టు మీద పరుగెత్తవలసి వచ్చింది. ఆ పరుగులో ఆయన ఒర ముందువైపు రెక్క చిరిగిపోయింది. ఒరకు ఇరుపక్కలా బెల్టు కోసం విస్తరించి ఉండే భాగాన్ని ఇక్కడ రెక్క అంటున్నాము. పిస్తోలుతో సహా ఒర పక్కకు ఒరిగి రెండవ రెక్క మీద వేలాడింది. ఆయన చేత్తో పట్టుకున్నందువల్ల ఆయుధం బురదలో పడలేదు. ఎవరికీ హాని జరగలేదు.

మరునాడు ఆ ఒర మా టూల్‌రూముకు వచ్చింది. పంపిన వారు కోరింది ఒక రివెట్టు కొట్టి ఇమ్మని మాత్రమే. భూతద్దంతో పరిశీలించినప్పుడు తోలు దళసరిగా, బాగానే ఉంది. కుట్టు ఎక్కడా తెగలేదు. చిరుగు మాత్రం కన్నం పై మూల నుండి సూటిగా అంచు వరకు నడిచింది. అది మొదలైన చోట, కత్తి మొన కన్నం హద్దు దాటి ఒకటిన్నర మిల్లీమీటరు ముందుకు పోయిన గాటు కనిపించింది. అదే సరఫరాలో వచ్చిన తక్కిన ఒరలను తెప్పించి చూడగా, వాటిలో చాలావాటి మూలల వద్ద అటువంటి గాట్లే ఉన్నాయి. అవి ఇంకా చిరగలేదు, అంతే తేడా.

ఒరలన్నీ మార్చాలని నిర్ణయమైంది. నలభై కొత్త ఒరలను మన నివాస ప్రాంగణంలోని వృత్తి శిక్షణ కేంద్రంలోనే, అక్కడ తోలుపని నేర్పే పెద్దాయన చేత చేయించాలని, కన్నాలు కోయడానికి తగిన పనిముట్టును మేము సూచించాలని ఆదేశం వచ్చింది. మొదటి సమావేశంలోనే మూడు అభిప్రాయాలు వినిపించాయి. మంచి కత్తి ఉంటే చాలునని ఒకరు, కన్నం ఆకారంలోనే ఉండే పంచ్ కొనాలని మరొకరు, లేజరుతో కోయించడమే ఆధునిక పద్ధతి అని ఇంకొకరు. మూడింటికీ సమర్థన ఉంది. అందువల్ల పనిముట్టు మాట పక్కన పెట్టి, కన్నం మీద పడే భారమేమిటో ముందు తేల్చుకోవాలని అనుకున్నాము.

కన్నం మీద పడే భారం

మా సిబ్బంది బెల్టు వెడల్పు 38 మిల్లీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు. అది ఒదుగుగా దూరడానికి 40 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వెడల్పు గల కన్నం సరిపోతుంది. ఇంతకంటె పొడవు పెంచితే ఒర బెల్టు మీద ఊగుతుంది. తగ్గిస్తే బెల్టు మడత పడుతుంది.

ఒరను నడుమున ధరించినప్పుడు కన్నం నిలువుగా ఉంటుంది. దానిలో నుండి బెల్టు అడ్డంగా సాగుతుంది. పిస్తోలు బరువు సుమారు ఒక కిలో. నిలబడి ఉన్నప్పుడు ఆ బరువు వల్ల కన్నం పై కొస బెల్టు పై అంచు మీద ఆనుతుంది. నడిచినప్పుడు, కూర్చుని లేచినప్పుడు, ముఖ్యంగా పరుగెత్తినప్పుడు ఆ ఒక కిలో కుదుపులతో పడి, దాని బలం ఎన్నో రెట్లు అవుతుంది. ఇది ఒక భారం. బెల్టు బిగించినప్పుడు రెక్కను పక్కకు లాగే బలం రెండవది. ఆ లాగుడు కన్నం పొడవుకు లంబంగా ఉంటుంది. అంటే కన్నాన్ని నోరు తెరిపించే దిశలో ఉంటుంది. ఈ రెండు భారాలూ కలిసే చోటు కన్నం కొస. పొడుగాటి పక్క అంచులు మోసే శ్రమ దానితో పోలిస్తే స్వల్పం.

ఇంజనీర్లకు ఈ సంగతి కొత్తది కాదు. 1913లో చార్లెస్ ఎడ్వర్డ్ ఇంగ్లిస్ అనే ఆంగ్ల ఇంజనీరు, పలకలోని కన్నాల చుట్టూ ప్రతిబలం ఎలా పేరుకుంటుందో లెక్కకట్టి నౌకా నిర్మాణ నిపుణుల ముందు ఉంచారు. ఆయన లెక్క ప్రకారం గుండ్రటి కన్నం అంచున ప్రతిబలం చుట్టుపక్కల ఉన్నదానికి మూడు రెట్లు అవుతుంది. లాగుడుకు లంబంగా పొడుగాటి కన్నం ఉంటే, ఆ రెట్టింపు కొస ఎంత సన్నగా ఉందన్న దానిపై ఆధారపడుతుంది. కన్నం సగం పొడవును కొస వ్యాసార్ధంతో భాగించి, వర్గమూలం తీసి, దానిని రెండుతో గుణించి, ఒకటి కలిపితే సుమారైన సంఖ్య వస్తుంది.

మన కన్నం సగం పొడవు 20 మిల్లీమీటర్లు. కొస 6 మిల్లీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా ఉంటే వ్యాసార్ధం 3 మిల్లీమీటర్లు. లెక్క కడితే 6.2 రెట్లు. కత్తితో కోసిన పదునైన కొసలో వ్యాసార్ధం 0.2 మిల్లీమీటర్లే అనుకుంటే 21 రెట్లు. కొసను ఇంకా పెద్దది చేసి 8 మిల్లీమీటర్ల గుండ్రటి కన్నం పెడితే 5.5 రెట్లు. తోలు ఉక్కుపలక వంటిది కాదు. అది పీచులు అల్లుకున్న పదార్థం కనుక ఈ సంఖ్యలను పోలికకు మాత్రమే తీసుకోవాలి. అయినా పోలిక చెప్పే సత్యం స్పష్టమే. పదునైన కొసను 6 మిల్లీమీటర్ల గుండ్రటి కొసగా మార్చితే లాభం చాలా ఎక్కువ. ఆ తరువాత ఇంకా పెద్దది చేసినందువల్ల వచ్చేది కొద్దిపాటి లాభమే.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో నిర్మించిన లిబర్టీ నౌకలలో కొన్నింటికి డెక్కు మీది సరుకు ద్వారాల చదరపు మూలల వద్ద పగుళ్లు మొదలైన సంగతి ఇంజనీరింగు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. చలిలో పెళుసెక్కే ఉక్కు, వెల్డింగు లోపాలు కూడా అందుకు తోడయ్యాయి. అయితే మూలలను గుండ్రం చేయడం ఆనాడు చేపట్టిన నివారణలలో ఒకటి. పలకలో పగులు పాకుతున్నప్పుడు దాని కొసన డ్రిల్లుతో కన్నం వేసి ఆపడం మన మరమ్మతు విభాగంలో ప్రతివారికీ తెలిసిన ఉపాయమే. ఓడ డెక్కుకైనా ఒర రెక్కకైనా న్యాయం ఒక్కటే.

శిక్షణ కేంద్రంలోని పెద్దాయనకు ఇంగ్లిస్ పేరు తెలియదు. చిరిగిన ఒరను ఆయన చేతికి ఇవ్వగానే పక్క అంచులను చూడనైనా చూడక, బొటనవేలి గోటిని మూలలో ఆనించి ఇలా అన్నారు: "సారూ, నడుమ వంకరగా కోసినా ఏం కాదు. కొస కాడ గాటు పడితే మాత్రం తోలు ఇక మన మాట వినదు." మేము కాగితం మీద తేల్చుకున్నదాన్ని ఆయన నలభై ఏళ్ల పనిలో చేతితో తేల్చుకున్నారు.

తోలు స్వభావం

పనిముట్టు ఎంపికకు ముందు తోలు గురించి కొంత తెలియాలి. ఒరకు వాడదగినది చెట్ల బెరడు, కాయల సారంతో చర్మశుద్ధి చేసిన తోలు. మన ప్రాంతంలో తరతరాలుగా తంగేడు చెక్కను, కరక్కాయను ఈ పనికి వాడారు. ఈ తోలును తడిపి, ఆయుధం ఆకారానికి అనువుగా నొక్కి ఆరబెడితే ఆ ఆకారాన్ని నిలుపుకుంటుంది. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. చెప్పుల పై భాగాలకు, సంచులకు మేలైనదే కాని ఒరకు అంత అనువుగా ఉండదు.

చర్మశుద్ధిని ఆధునిక విజ్ఞానంగా తీర్చిదిద్దిన వారిలో మన తెలుగువారైన యలవర్తి నాయుడమ్మగారిని ఈ సందర్భంలో స్మరించడం సముచితం. తెనాలి సమీపంలోని యలవర్రులో 1922లో జన్మించిన ఆయన, 1948లో మద్రాసులో వెలసిన కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు సంచాలకులుగా పనిచేసి, దానికి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో మరణించారు. పల్లెలో తోలుపని చేసేవాని అనుభవానికీ ప్రయోగశాల విజ్ఞానానికీ వంతెన వేయాలన్నది ఆయన జీవితకాల కృషి.

పశువు చర్మమంతా ఒకే తీరుగా ఉండదు. వీపు భాగపు తోలులో పీచులు దట్టంగా అల్లుకుని ఉంటాయి. పొట్ట భాగపు తోలు వదులుగా ఉండి సాగుతుంది. రెక్కలు పొట్ట భాగంలో వస్తే, కన్నాన్ని ఎంత చక్కగా కోసినా కొన్నాళ్లకు పొడవు సాగి ఒర ఊగుతుంది. కనుక వీపు భాగంలోనే రెక్కలు వచ్చేటట్లు తోలును కత్తిరించాలి.

మందం మరొక విషయం. తోలు వ్యాపారంలో మందాన్ని ఔన్సులలో చెప్పే అలవాటు ఉంది. ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, అంటే 0.4 మిల్లీమీటరు. మేము ఎన్నుకున్నది 8 ఔన్సుల తోలు, అంటే 3.2 మిల్లీమీటర్లు. రెక్క వద్ద రెండు పొరలు అంటించి కుట్టాలి. అక్కడ పనిముట్టు కోయవలసింది 6.4 మిల్లీమీటర్ల మందం. పొరలను విడివిడిగా కోసి తరువాత అంటిస్తే కన్నాలు సరిగా కలవవు. అంటించి, జిగురు ఆరిన తరువాతే కోయాలి. చాలా పనిముట్లు ఓడిపోయేది ఇక్కడే. ఒక పొరలో అందంగా దిగిన పంచ్ రెండు పొరలలో సగం దిగి ఇరుక్కుపోతుంది.

అయిదు మార్గాలు

మొదటిది కత్తి. చర్మకారుల రంపె గాని, బ్లేడు మార్చుకునే కత్తి గాని తీసుకుని గీసిన గీత వెంట కోయడం. ఖర్చు లేదు. కాని మూల వద్ద కత్తిని సరిగ్గా హద్దు మీద ఆపడం మంచి పనివానికి సైతం ప్రతిసారీ సాధ్యం కాదు. పైపొరలో హద్దు మీద ఆగిన కత్తి, వాలుగా పట్టినందువల్ల కింది పొరలో హద్దు దాటవచ్చు. చిరిగిన ఒరలో జరిగింది ఇదే. కత్తిని ఒంటరిగా ఈ పనికి వాడరాదన్నది మా అభిప్రాయం.

రెండవది రెండు గుండ్రటి కన్నాలు, వాటి నడుమ ఉలి. కన్నం రెండు కొసలలో 6 మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్‌తో కన్నాలు కొట్టి, వాటిని కలుపుతూ రెండు సమాంతర గీతలను వెడల్పు ఉలితో కోయడం. గుండ్రటి కన్నాల కేంద్రాల నడుమ దూరం 34 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల ఉలిని ఒకసారి పై నుండి, మరొకసారి కింది నుండి కొద్దిగా అతివ్యాప్తం చేస్తూ దింపితే గీత పూర్తవుతుంది. కొసలను ముందే గుండ్రటి పంచ్ తీర్చి ఉంచింది కనుక ఉలి అంచు ఆ కన్నంలోని ఖాళీలోకి వచ్చి ఆగుతుంది. చేయి కాస్త తప్పినా తోలులో గాటు పడదు. ఇదే ఈ పద్ధతి గొప్పదనం. ఉలికి ఒకవైపే వాలు ఉంటే, చదునైన ముఖాన్ని ఒర వైపు, వాలు ముఖాన్ని తీసివేసే ముక్క వైపు ఉంచాలి. అప్పుడే కన్నం గోడ నిటారుగా నిలుస్తుంది.

మూడవది కన్నం ఆకారంలోనే ఉండే పొడుగు పంచ్. ఒకే దెబ్బతో పని ముగియాలన్నది దీని ఆశయం. దీనిలో ఒక లెక్క దాగి ఉంది. 6 మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్ అంచు పొడవు సుమారు 19 మిల్లీమీటర్లు. 40 మిల్లీమీటర్ల పొడుగు పంచ్ అంచు పొడవు సుమారు 87 మిల్లీమీటర్లు, అంటే నాలుగున్నర రెట్లకు పైగా. అదే సుత్తి, అదే దెబ్బ అంచు పొడవునా పంచుకున్నప్పుడు, ఒక్కొక్క మిల్లీమీటరుకు అందే బలం నాలుగవ వంతు కంటె తక్కువ. అందుకే ఒకటికి నాలుగుసార్లు కొట్టవలసి వస్తుంది. ప్రతి దెబ్బకూ పంచ్ ఆవగింజంత కదిలినా అంచు రెండు గీతలుగా తెగుతుంది. అదీగాక పంచ్ బయటి వాలు దళసరి తోలును పక్కలకు నెట్టి, కన్నం చుట్టూ నొక్కుడు మచ్చ మిగులుస్తుంది.

నాలుగవది అదే పొడుగు పంచ్‌ను చేతి ప్రెస్సుకు గాని ఫ్లైప్రెస్సుకు గాని బిగించి నొక్కడం. ప్రెస్సు దానిని నిటారుగా, కదలకుండా, ఒకే నొక్కులో దించుతుంది. మూడవ పద్ధతిలోని లోపాలలో చాలావరకు ఇక్కడ తొలగిపోతాయి. పెద్ద కర్మాగారాలలో పలుచటి ఉక్కు పట్టీతో ఆకారపు డై చేయించి క్లిక్కర్ ప్రెస్సు మీద ఒరను, కన్నాలను ఒకేసారి కోస్తారు. సైన్యం కోసం జీన్లు, తోలు సామగ్రి చేయడానికి 19వ శతాబ్దిలో కాన్పూరులో నెలకొల్పిన ప్రభుత్వ కర్మాగారమే నేటి ఆర్డ్‌నెన్స్ ఎక్విప్‌మెంట్ ఫ్యాక్టరీ. అది 2021 అక్టోబరు 1 నుండి ట్రూప్ కంఫర్ట్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వరంగ సంస్థలో భాగమైంది. అంతటి పరిమాణంలో ఉత్పత్తి జరిగే చోట డైలకు, ప్రెస్సులకు పెట్టిన ఖర్చు గిట్టుబాటవుతుంది. నలభై ఒరలకు క్లిక్కర్ ప్రెస్సు కొనడం సమంజసం కాదు.

అయిదవది లేజరు. పలుచటి తోలు మీద నగిషీకి అది అక్కరకు వస్తుంది. కాని ఆరు మిల్లీమీటర్లకు మించిన మందంలో అంచులు నల్లగా మాడి గట్టిపడతాయి. మాడిన అంచు పెళుసుగా ఉంటుంది. అసలే శ్రమ పేరుకునే కొస వద్ద పెళుసుదనం మనకు వద్దు. క్రోమియం తోలును కాల్చినప్పుడు వచ్చే పొగ ఆరోగ్యానికి హానికరమన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఒక పోలిక చెప్పడం అప్రస్తుతం కాదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకచర్మం మీద వందలాది చిన్న కన్నాలను కొడతారు. 2020లో పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావుగారిది ఆ గ్రామమే. బొమ్మ వెనుక దీపం పెట్టినప్పుడు ఆ కన్నాలే నగలై మెరుస్తాయి. అక్కడ కన్నం వెలుగు కోసం, ఒరలో కన్నం బరువు కోసం. ఒకచోట మేలైన పనిముట్టు మరొకచోట పనికిరాకపోవచ్చు. పనిముట్టు మంచిచెడ్డలు పనిని బట్టే తేలుతాయి.

మేము చేసిన ఎంపిక

ఒకే తోలు నుండి, రెండు పొరలు అంటించిన ముక్కలను తీసుకుని, కత్తి, గుండ్రటి పంచ్‌తో ఉలి, సుత్తితో కొట్టిన పొడుగు పంచ్, ఫ్లైప్రెస్సులో నొక్కిన పొడుగు పంచ్ అనే నాలుగు విధాలుగా కన్నాలు కోయించాము. ప్రతి కన్నం పొడవును పైముఖం మీద, కింది ముఖం మీద విడివిడిగా కొలిచాము. కొసలను భూతద్దంతో చూశాము. తరువాత బెల్టు ముక్క దూర్చి బరువులు వేలాడదీసి కుదిపాము. ఇది శాస్త్రీయ పరిశోధన కాదు, కార్ఖానాలో చేసుకున్న సరిచూపు మాత్రమే. కత్తితో కోసిన ముక్కలలో చిరుగు మూల నుండే మొదలైంది. కొసలు గుండ్రంగా తెగిన ముక్కలలో, పద్ధతి ఏదైనా, కొస వద్ద చిరుగు కనిపించలేదు.

పెద్దాయన పొడుగు పంచ్‌ను చేతిలోకి తీసుకుని, "ఇది దొరలాగా ఉంది సారూ, కాని దీని మొండితనం నాకు తెలుసు" అన్నారు. సుత్తితో దానిని వాడడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ మాటను మేము మన్నించాము. నమూనా ఒరలకు, మరమ్మతులకు, కొలత మారే విడి పనులకు గుండ్రటి పంచ్, ఉలి. ఒకే కొలతలో ఎనభై కన్నాలు కావలసిన ఈ నలభై ఒరలకు ఫ్లైప్రెస్సులో పొడుగు పంచ్. ఇదీ చివరకు కుదిరిన ఏర్పాటు. ఫ్లైప్రెస్సు మా టూల్‌రూములో ముందే ఉంది. కొనవలసి వచ్చింది ఒక పొడుగు పంచ్, రెండు గుండ్రటి పంచ్‌లు, ఒక ఉలి మాత్రమే.

కన్నం అంచుకూ రెక్క అంచుకూ నడుమ కనీసం 12 మిల్లీమీటర్ల తోలు మిగలాలని, కన్నం చుట్టూ కుట్టు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో నడవాలని నిర్ణయించాము. కుట్టు మరీ దగ్గరగా, మరీ ఒత్తుగా పడితే సూది రంధ్రాల వరుస తపాలా బిళ్ల అంచులా మారి, చిరుగుకు తానే దారి చూపుతుంది.

పనిముట్టును కాపాడుకొనుట

మంచి పంచ్ కొనడం సగం పని. దానిని మంచిగా ఉంచుకోవడం మిగతా సగం. మొద్దుబారిన పంచ్ తోలును కోయదు, నలిపి చింపుతుంది. నూనె రాయి మీద అంచును తీర్చి, తోలుపట్టీ మీద మెరుగుపొడితో రుద్దడం రోజూ పని మొదలు పెట్టకముందు జరగాలి. గ్రైండరు మీద పెట్టినప్పుడు అంచు నీలిరంగుకు తిరిగితే ఉక్కు టెంపరు పోయినట్లే. దాదాపు 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగిలిందని ఆ రంగు చెబుతుంది. అటువంటి అంచు ఎన్నాళ్లో నిలవదు. కనుక కొద్దికొద్దిగా, నీటిలో ముంచి చల్లార్చుకుంటూ తీర్చాలి.

పంచ్ కింద ఇనుప పలకను గాని గ్రానైటు బండను గాని ఉంచరాదు. మాంసం కొట్టే అంగళ్లలో ఉండే చింతమొద్దును పాఠకులు చూసే ఉంటారు. అటువంటి మొద్దును అడ్డకోతగా కోసినప్పుడు కొయ్య పీచు నిలువుగా ఉండి పంచ్ అంచును తనలోకి ఆహ్వానిస్తుంది, మొద్దుబార్చదు. దళసరి పాలిథీన్ పలక కూడా పనికివస్తుంది. కొట్టేది కొయ్య సుత్తి గాని, నైలాన్ సుత్తి గాని కావాలి. ఇనుప సుత్తితో కొడితే పంచ్ తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. దాని నుండి ఎగిరే రజను కంటికి ప్రమాదం. కళ్లద్దాలు ధరించే నియమం తోలుపనికి కూడా వర్తిస్తుంది.

కోసేముందు తోలును తడిగుడ్డతో కొద్దిగా తేమ చేస్తే పంచ్ సులువుగా దిగుతుంది. కోసిన తరువాత లోపలి అంచులను సన్నటి గరుకు కాగితంతో తీర్చి, తేమ చేసి, నున్నటి కొయ్య పుల్లతో రుద్దితే పీచులు అణగి అంచు గట్టిపడుతుంది. బెల్టు రాపిడికి తట్టుకోవడానికి ఇది అవసరం.

ఇంటివద్ద ఒక పరీక్ష

కొత్త ఒరలు 2023 ఆరంభంలో సిబ్బందికి అందాయి. ఆరునెలలకొకసారి కన్నాల కొసలను భూతద్దంతో చూసి నమోదు చేయడం భద్రతా విభాగం తనిఖీ పట్టికలో చేరింది. పట్టికలో అది ఒకే ఒక పంక్తి. మా దృష్టిలో ఈ పని మొత్తంలో విలువైన ఫలితం ఆ పంక్తే.

పాఠకులు తమ ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. పిల్లల బడిసంచిలో పట్టీ దూరే కన్నం, చేతిసంచి పిడి కన్నం, బెల్టు బకిలు ముల్లు దూరే పొడుగు కన్నం తీసుకుని, వాటి కొసలలో గోటిని ఆనించి చూడండి. కొస గుండ్రంగా ఉంటే చింత లేదు. పదునుగా తెగి, సన్నటి గాటు కనిపిస్తే అది నేడో రేపో చిరుగుతుంది. గాటు ఇంకా పాకకముందే, దాని కొసన సరిగ్గా పడేటట్లు మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి కన్నమొకటి వేయించండి. వీధి మొదట కూర్చునే చర్మకారుని వద్ద అందుకు తగిన పంచ్ ఉంటుంది. అయిదు నిమిషాల పని. చిరిగాక అతికించడం కంటె అది సులువు, చౌక. కొస ఎక్కడికి వచ్చిందో, కన్నం ఎక్కడ పడాలో మీరు చెప్పనవసరం లేదు. సంచి చేతికి ఇచ్చి చూడండి, ఆయన వేలు ముందుగా వెళ్లేది అక్కడికే.